శేషం 12 గంపలు: మావాడి బడిలో రెండేళ్లు

మావాడు మూడో తరగతి. క్రైస్తవ ప్రైమరీ బడిలో చేర్చి రెండేళ్లయింది. "ఎలా ఉంది, మా పిల్లల్ని కూడా వేయొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. నేను పాస్టర్ గారి కూతుర్ని. వేరే బడిలో లెక్కలు చెబుతాను. కాబట్టి బైబిల్ వాక్యం విషయంలో మొహమాటం లేదు, లెక్కల విషయంలో అసలే లేదు.

చేర్చిన రోజు ప్రిన్సిపల్ మేడమ్ అన్నారు: "మా దగ్గర బైబిల్ అంటే ఒక పీరియడ్ కాదండీ, అన్ని సబ్జెక్టుల్లోనూ ఉంటుంది." బ్రోషర్‌లో దాన్నే ఇంటిగ్రేషన్ అని రాశారు. వినడానికి బాగుంది. తీరా చూస్తే ఆ ఒక్క మాట కింద రెండు రకాల పనులు నడుస్తున్నాయి.

మొదటి రకం భాగహారం వర్క్‌షీట్‌లో దొరికింది. 5 రొట్టెలు 5000 మందికి పంచితే ఒక్కో రొట్టె ఎంతమందికి? మావాడు 1000 అని వేశాడు. అక్కడితో ఆగకుండా కింద "శేషం 12 గంపలు" అని కూడా రాశాడు. దానికి ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు పడింది. "నిజంగానే మిగిలాయి కదమ్మా" అని ఒకటే ఏడుపు. మిగిలాయి నాన్నా, యేసు 5 రొట్టెలతో 5000 మందికి కడుపు నింపాక 12 గంపలు మిగిలాయని బైబిల్‌లో మత్తయి సువార్తలోనే ఉంది. లెక్కకు అందదు కాబట్టే అది అద్భుతం అయింది. దాన్ని తెచ్చి భాగహారంలో కూర్చోబెడితే పిల్లాడు ఇంకేం రాస్తాడు? టీచర్‌కి నోట్ పెట్టాను. నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి వచ్చింది. మార్కు మాత్రం రాలేదు.

రెండో రకం కూడా అదే బడిలో, అదే తరగతిలో. భాష పీరియడ్‌లో మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న అపరిచితుణ్ణి ఆదుకున్న సమరయ ప్రాంతపు మనిషి గురించి యేసు చెప్పిన కథ. టీచర్ ఒక్కసారే చదువుతారు. మళ్లీ చదవరని పిల్లలకు ముందే తెలుసు, అందుకే చెవులు రిక్కించి వింటారు. తర్వాత పుస్తకం మూసేసి ఒక్కొక్కరినీ సొంత మాటల్లో చెప్పమంటారు. ఖాళీలు పూరించడాలు, ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబులు ఏవీ ఉండవు. దీన్ని నరేషన్ అంటారు. ఇంగ్లండ్‌కు చెందిన షార్లెట్ మేసన్ (1842–1923) చిన్నపిల్లల చదువుకు దీన్నే పునాదిగా పెట్టుకుంది. చిన్న తరగతుల్లో పాఠం 20 నిమిషాలు దాటకూడదన్నదీ ఆవిడ పట్టుదలే. మావాడి బడి ఈ రెండూ పాటిస్తుంది. 45 నిమిషాల పీరియడ్‌లో చివరి పావుగంట నా క్లాసులో ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి, ఈ ఒక్క విషయంలో వాళ్లకు దండం పెట్టేస్తాను.

ఆ రోజు మావాడు భుజాన బ్యాగు దించకుండానే మొదలుపెట్టాడు. "దొంగలు కొట్టి పడేశారు. ఇద్దరు చూసి కూడా అటు పక్కనుంచి వెళ్లిపోయారు. మూడో ఆయన నూనె పోసి కట్టుకట్టి, తన వాహనం మీద ఎక్కించాడు. వాహనం అంటే బైక్ కాదంట, గాడిద లాంటిదంట. అంటే ఆయన నడిచాడు కదమ్మా! కాళ్లు నొప్పి పుట్టి ఉంటాయి." నేను ఈ కథ ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను, మా నాన్న ప్రసంగాల్లోనే ఎన్నిసార్లు విన్నానో. ఆయన నడిచి ఉంటాడన్నది నాకెప్పుడూ తట్టలేదు.

మర్నాడు అదే కథ లెక్కల్లోకి వచ్చింది, ఈసారి సవ్యంగా. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. ఇంట్లో పెద్దవాళ్ల రెండు రోజుల సంపాదన ఎంతో కట్టుకుని రమ్మన్నారు. మావాడు నా నెల జీతం అడిగి, 30తో భాగించి, 2తో గుణించి, కాసేపు ఆ అంకె వైపు చూసి "ముక్కూముఖం తెలియనివాడికి ఇంత ఇచ్చేశాడా!" అన్నాడు. భాగహారమూ వచ్చింది, కథా లోపలికి దిగింది. నా జీతం వీధిలో పిల్లలందరికీ తెలిసిపోయిందన్నది వేరే బాధ.

సైన్స్ పర్వాలేదు. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని సోమరికి చెప్పే మాట బైబిల్‌లోని సామెతల గ్రంథంలో ఉంది కదా, దాంతో మొదలుపెట్టి పిల్లల్ని భూతద్దాలతో గోడవారన కూర్చోబెట్టారు. మావాడి నోట్‌బుక్‌లో చీమకు ఆరు కాళ్లు, మూడు భాగాలు సరిగ్గా ఉన్నాయి. డైనోసార్లు ఎప్పుడు బతికాయని అడిగితే మాత్రం "ఇంట్లో అడుగు" అన్నారట. క్రైస్తవ బడులన్నీ దీనికి ఒకే జవాబు చెప్పవు. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించాడని బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో ఉంది; ఆ ఆరు రోజుల్ని 24 గంటల రోజులుగానే చెప్పేవి ఉన్నాయి, మామూలు సైన్స్ పాఠమే చెప్పి సృష్టి మాటను బైబిల్ క్లాసుకు వదిలేసేవీ ఉన్నాయి. మీ పిల్లల్ని వేసేముందు ఇది సూటిగా అడగండి. నేను అడగలేదు, పాస్టర్ కూతుర్ని కదా, నాకన్నీ తెలుసనుకున్నాను.

మాకు అస్సలు నచ్చనిది రిపోర్టు కార్డు. సబ్జెక్టుల కింద ఆత్మఫలాలని (దేవుని ఆత్మ వల్ల మనిషిలో కలుగుతాయని బైబిల్ చెప్పే గుణాలు) తొమ్మిది వరుసలు: ప్రేమ, సంతోషం, సమాధానం (అంటే శాంతి), దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. ఒక్కోదానికి గ్రేడు! మావాడికి సాత్వికంలో బి, దీర్ఘశాంతంలో సి. విశ్వాసంలో ఏ వచ్చింది, ఏ పరీక్ష పెట్టి ఇచ్చారో. దీర్ఘశాంతం అంటే తెలుసా అని వాణ్ణి అడిగాను. "నా వంతు వచ్చేదాకా చెప్పకుండా ఉండటం" అన్నాడు. పెద్దవాళ్లు కూడా ఇంత బాగా చెప్పరు, అందులోనే సి. పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగానే అడిగాను. ప్రవర్తనను గమనిస్తున్నామన్నారు. గమనించండి, రెండు వాక్యాల్లో రాయండి, గ్రేడు ఎందుకు? నా వెనక ఇంకో నలుగురు తల్లిదండ్రులు తలూపారు. అందులో ఇద్దరు క్రైస్తవులు కారు, వాళ్లు వేయలేని ప్రశ్న నేను వేశానని తర్వాత చెప్పారు.

ఈ బడిలో చేర్చే ముందు ఇంకో బడి కూడా చూశాం. 1970లో టెక్సాస్‌లో మొదలైన పద్ధతి అక్కడిది. సబ్జెక్టుకు ఏడాదికి 12 చిన్న పుస్తకాలు, ఎవరి వేగంతో వాళ్లు పూర్తిచేయాలి, పరీక్షలో 80 శాతం వస్తేనే తర్వాతి పుస్తకం. డెస్కుల మధ్య అడ్డుపలకలు, డౌట్ వస్తే చిన్న జెండా పెట్టాలి. తొందరగా నేర్చుకునే పిల్లలకూ, వెనకబడినవాళ్లకూ మేలే. కానీ దారిలో ఎవరు కనబడినా పలకరించే మావాణ్ణి పలకల మధ్య కూర్చోబెట్టే ధైర్యం మాకు లేకపోయింది.

వచ్చే ఏడాదికి ఫీజు కట్టేశాం. మొన్న వచ్చిన రిపోర్టులో తొమ్మిది వరుసలూ అలాగే ఉన్నాయి గానీ, గ్రేడ్ల బదులు పెన్నుతో రాసిన మాటలు ఉన్నాయి. దీర్ఘశాంతం ఎదురుగా: "చెయ్యి ఎత్తుతాడు, కానీ ఎత్తుతూనే చెప్పేస్తాడు."