క్యాంపస్‌లో ఇండోర్ స్టేడియం: పచ్చిక మీదా, పార్కింగ్ స్థలంలోనా?

చెన్నైలో చదువుతున్న మన పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ కొన్నాళ్లుగా నన్ను ఒకటే అడుగుతున్నారు. కాలేజీ ఆవరణలో మిగిలిన పచ్చటి జాగాలో ఇండోర్ స్టేడియం కడతామంటే ఔననాలా, కాదనాలా? స్టేడియం కావాలా అంటే కావాలనే నా మాట. ఎక్కడ కట్టాలన్నదే పేచీ.

కావాలనేవాళ్లవి నిజమైన అవసరాలు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, సింధు 2016లో రియో నుంచి రజతం తెచ్చాక షటిల్ అంటే మనవాళ్లకి ఎంత మోజో తెలిసిందే. ఆ ఆట ఆరుబయట సాగదు. సముద్రపు గాలికి కాక్ చెప్పినచోట పడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మేలో మాడ్చేసే ఎండ. లైట్లున్న కోర్టు ఉంటే ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా నిశ్చింతగా ఆడుకుంటారు. పచ్చిక మీద కడితే ఏదీ కూల్చక్కర్లేదు, పనీ తొందరగా తెములుతుంది.

వద్దనేవాళ్లు ఎక్కువగా చెట్ల గురించే మాట్లాడతారు. “ఒకటి కొడితే పది నాటుతాం” అన్న జవాబుతో ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. నాకు చెట్టుకన్నా దాని కింద నేల ముఖ్యం. ఎకరం కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 4 లక్షల లీటర్ల నీళ్లు. మట్టి అయితే అందులో చాలా భాగం తాగేస్తుంది. కాంక్రీటు మీద నుంచి అవి రోడ్డు మీదికో, పల్లంలో ఉన్నవాళ్ల ఇళ్లలోకో పోతాయి. పైగా స్టేడియం అంటే కప్పు ఒక్కటే కాదు. దానికి రోడ్డు, పార్కింగ్, ఫైరింజను తిరిగే దారి, అన్నీ కొత్త కాంక్రీటే. 2015 డిసెంబరులో ఊరు మునిగింది, 2019 వేసవిలో ట్యాంకర్ల ముందు బిందెలతో నిలబడింది. వాటికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ నీళ్లు ఇంకే నేల తరిగేకొద్దీ రెండు కష్టాలూ పెరుగుతాయి.

ఇంకుడు గుంతలు తవ్వుతామంటారు. తవ్వాలి కూడా. కానీ ఏటా పూడిక తీయకపోతే అవి మూసుకుపోతాయి. పచ్చిక నేలకి ఆ బెడద లేదు.

“చెట్లు కూడా లేవు, ఖాళీ బయలే కదా” అనేవాళ్లకి ఒక మాట. 1959లో ఐఐటీ మద్రాసు వెలసింది గిండీ అడవి భూమిలోనే. ఇప్పటికీ ఆ ప్రాంతంలో తిరిగే కృష్ణజింకకి దట్టమైన చెట్లకన్నా పచ్చిక బయలే కావాలి.

ఇప్పుడు పార్కింగ్ స్థలం సంగతి. అక్కడి నేల ఎప్పుడో మూసుకుపోయింది, కొత్తగా పోయేదేమీ లేదు. పైగా బళ్ల ఆయిలు మరకల మీద పారే నీళ్లకన్నా కప్పు మీద పడేవి శుభ్రం. గొట్టాలు పెట్టి సంపులోకో బావిలోకో పంపుకోవచ్చు. చిక్కులు లేకపోలేదు. బళ్లు ఎక్కడ పెట్టాలి? కింద స్టిల్టు, అంటే బళ్లకి స్తంభాల మధ్య ఖాళీ, వదిలి పైన కోర్టులు కడితే ఖర్చు బాగా పెరుగుతుంది. పెద్ద పోటీలకి కోర్టు మీద 12 మీటర్ల ఎత్తు కావాలంటారు. పిల్లల ప్రాక్టీసుకి అంత అక్కర్లేదు, అక్కడ కొంత కలిసొస్తుంది. తరగతి గదుల పక్కన ఒకటి రెండేళ్లు చప్పుడూ దుమ్మూ తప్పవు. అయినా నా ఓటు దీనికే. ఖర్చు ఎక్కువైతే కోర్టులు తగ్గించుకోవచ్చు, పోయిన నేలని తిరిగి తెచ్చుకోలేం.

పాత జిమ్ కూల్చి కట్టడం చిన్న కాలేజీలకి సరిపోతుంది. రోజూ ఊరి మధ్యలోని నెహ్రూ స్టేడియం దాకా వెళ్లమనడం దక్షిణ చెన్నై పిల్లలకి కుదిరే పని కాదు.

అభిప్రాయం చెప్పే ముందు ప్లాను చూపించమని అడగండి. రోడ్డూ పార్కింగూ కలిపి మొత్తం ఎంత నేల కప్పుతున్నారు, కప్పు మీది నీళ్లు ఎక్కడికి పోతాయి, గుంతల పూడిక ఎవరు తీస్తారు? వీటికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అభిప్రాయం అడిగే కాగితంలో ఔను, కాదు అని రెండే గడులిస్తే పక్కన “స్టేడియం కావాలి, పార్కింగ్ స్థలంలో” అని రాసి ఇవ్వండి.