ఏటిగట్టుకు ఇవతలా, అవతలా?

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో మమ్మల్ని దింపేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ప్లాట్‌ఫారం దాటకముందే మా అబ్బాయి ఫోను. "అమ్మా, వాళ్లు కారు పంపుతున్నారు. నేను అన్నీ మాట్లాడేశాను" అన్నాడు. వాడుండేది డాలస్‌లో. ఇల్లు చూసుకోవలసింది మేము, మాట్లాడేసింది వాడు.

మావారికి అరవై ఎనిమిది, నాకు అరవై మూడు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరు, నేను లెక్కల టీచరు. ఇద్దరం రిటైరయ్యాం కానీ కాళ్లు ఇంకా కాలేదు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాం, ఆయన ఇప్పటికీ స్కూటరు నడుపుతారు. హైదరాబాదులో పంపు చెడితే ప్లంబరు కోసం, పనమ్మాయి మానేస్తే మరో మనిషి కోసం వెతకడంతోనే విసుగొచ్చింది. ఆ బెడద లేకుండా, తోటివాళ్లు పదిమంది ఉండే చోటికి, అంటే రిటైరైనవాళ్ల కోసమే కట్టిన ఇళ్ల సముదాయానికి మారదామనుకున్నాం. ఇద్దరి సొంతూళ్లూ ఈ డెల్టాలోవే కాబట్టి వెతుకులాట ఇక్కడే మొదలుపెట్టాం.

మొదటిది రాజమండ్రి శివార్లలో. పేరు ఇంగ్లీషులో, బ్రోచరు పెద్దింటి శుభలేఖంత మందంగా ఉన్నాయి. అందులోని దంపతులు తెల్లజుట్టుతో, ముఖాన ఒక్క ముడత లేకుండా, ఈతకొలను పక్కన పళ్లరసం తాగుతూ నవ్వుతున్నారు. నాకు తెలిసిన అరవై దాటిన ఆడవాళ్లలో ఈతకొలనులో దిగేవాళ్లు ఒక్కరూ లేరు. గోదావరిలో దిగేవాళ్లు బోలెడుమంది, అదీ కార్తికమాసంలో, తెల్లవారుజామున.

చూపించడానికి వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. కాకపోతే ఫోను ఎత్తి పట్టుకుని ఇల్లంతా మా అబ్బాయికి చూపిస్తూ ముందు నడిచాడు, మేము వెనకాల నడిచాం. "ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు సార్, అమ్మానాన్నలకు ఏ లోటూ ఉండదు" అని ఫోనుకు చెప్పాడు. అప్పుడు తెలిసింది, ఆ బ్రోచరు మా కోసం రాసింది కాదని. కన్నవాళ్లను వదిలి వచ్చేశామే అని రాత్రిళ్లు నలిగే పిల్లల కోసం రాసింది అది. ఈతకొలను, సినిమా హాలు, వారానికోసారి పియానో, అన్నీ వాళ్ల మనసు కుదుటపడటానికే. మేము వాడబోయేది స్నానాలగది.

అందులోకి మావారు టేపు తీసుకుని వెళ్లారు. తలుపు సందు ఇరవై నాలుగు అంగుళాలు. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. గోడకు బిగించిన కడ్డీని గట్టిగా ఒక్కసారి లాగారు. ఊగింది. మర చుట్టూ ఉన్న సిమెంటు పొడి పొడిగా ఆయన చేతిమీద రాలింది. "ఇది నమూనా ఫ్లాటు అంకుల్, అసలు వాటిలో గట్టిగా బిగిస్తాం" అన్నాడు కుర్రవాడు. ఉన్నవాటిలో మంచిదాన్ని నమూనాగా చూపిస్తారనుకునేదాన్ని ఇన్నాళ్లూ. వ్యాయామశాలలో నడక యంత్రానికి ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు.

ఖాళీలు లేవట, రెండో విడత భవనంలో తీసుకోవాలట. అది ఇంకా పునాదుల్లో ఉంది. 30 శాతం ఇప్పుడే కట్టేయాలి, ఎందుకంటే 2027లో పుష్కరాలు, ఆలోగా ధరలు పెరిగిపోతాయి. (గోదావరి ఒడ్డున ఏది అమ్మాలన్నా పన్నెండేళ్లకోసారి పుష్కరాలు సాయపడతాయి.) మావారు బ్రోచరు వెనక అట్ట తిప్పి రెరా నంబరు, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద ఇచ్చే నమోదు నంబరు వెతికారు. లేదు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం ఇంత పెద్ద ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వడమే కూడదు. నమోదు చేయించినా, అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. "నంబరు వచ్చేస్తుంది అంకుల్" అన్నాడు కుర్రవాడు. వచ్చాకే మాట్లాడుకుందామన్నారు ఈయన. నెలవారీ నిర్వహణ రుసుము ఏటా ఎంత పెరుగుతుందని నేనడిగితే "మార్కెట్‌ను బట్టి" అన్నాడు. లెక్కల టీచరుకు అలాంటి జవాబు ఇవ్వకూడదు.

వాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. మేము చూసిన మూడింటిలో పెద్ద ఆసుపత్రులకు దగ్గర ఇదే. రైళ్లున్నాయి, మధురపూడిలో విమానాశ్రయం ఉంది. గుండె జబ్బున్నవాళ్లు ఆ ఒక్క కారణంతో మిగతావన్నీ సర్దుకున్నా నేను తప్పు పట్టను. ఆ రాత్రి స్టేషన్ దగ్గరి హోటల్లో ఉన్నాం. గది శుభ్రం, లిఫ్టు నడిచింది, పెసరట్టు బాగుంది.

మర్నాడు రావులపాలెం మీదుగా కోనసీమలోకి వెళ్లాం. పి.గన్నవరం దగ్గర మావారు కారు ఆపించారు. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీదుగా అక్విడక్టులో, అంటే నీటి వంతెనలో, కాలువ నీళ్లు. పెళ్లయిన కొత్తలో నన్ను తీసుకెళ్లిన మొదటి విహారయాత్ర ఇదే, ఊటీ కాదు.

రెండో చోటు రాజోలు వైపు, మరో పాయ వసిష్ఠ ఒడ్డున. కొబ్బరితోటలో పెంకుటిళ్ల పోలికతో పద్దెనిమిది ఇళ్లు, నాలుగడుగులు వేస్తే నది. ఒక రాత్రి ఉండి చూసుకోవచ్చన్నారు. ఇది మంచి పద్ధతి, ఎవరు ఇచ్చినా వదులుకోకండి. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, నీటి మీద వెలుగు పసుపు నుంచి ఇటుక రంగులోకి మారేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నా మట్టుకు నేను అక్కడే సంతకం పెట్టేసేదాన్ని.

మావారు మాత్రం మేనేజరును ఒకటే అడిగారు. "ఇది ఏటిగట్టుకు ఇవతలా, అవతలా?" అతను "నదికి బాగా దగ్గరండి, అదే మా ప్రత్యేకత" అన్నాడు. గట్టు దాటే వచ్చామని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఆ ఇళ్లున్నది వరదను ఆపే గట్టుకూ నదికీ మధ్య, లంక భూమిలో.

మంచం పక్కన గోడకు ఎర్ర బొత్తాం ఉంది, ఆపద వస్తే నొక్కాలట. పరీక్ష పెట్టడం నాకు ముప్ఫై ఏళ్ల అలవాటు. రాత్రి 10.40కి నొక్కాను. 14 నిమిషాలకు వాచ్‌మన్ టార్చి పట్టుకుని వచ్చాడు. నర్సు పగలే ఉంటుంది, రాత్రి ఏమైనా అయితే 108కి ఫోను చేయాలి, పెద్ద వైద్యానికి అమలాపురం వెళ్లాలి. ఊరికే పిలిచానని తెలిసి కూడా అతను విసుక్కోలేదు. "ఆయ్, అడగడమే మంచిదండి అమ్మగారూ. కొనుక్కున్నాక ఎవరూ అడగరు" అన్నాడు.

పొద్దున్నే మమ్మల్ని మోటారు షెడ్డు దగ్గరికి తీసుకెళ్లింది కూడా అతనే. గోడమీద మట్టిరంగు చార, సరిగ్గా మావారి ఛాతీ ఎత్తున. 2022 జులై వరద అక్కడిదాకా వచ్చిందట. మావారు టేపు తీశారు. చార నాలుగడుగుల మీద ఉంది, ఇళ్ల అరుగులు మూడడుగులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ జులైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు. ఈ లెక్కంతా ఆయన టేపు చుట్టుకుంటూ చెప్పారు, పైకి కోపం లేకుండా. నేను నది వైపు చూడలేదు.

సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఎక్కాం. కారు, పది మోటారు సైకిళ్లు, చేపల గంపలు, టిఫిన్ క్యారియర్లతో ఉద్యోగులు, రెండు మేకలు. ప్రయాణంలో అన్నిటికంటే చౌకగా దొరికిన ఆనందం ఇది. అయితే వరద రోజుల్లో పంటు తిరగదు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. అవతల ఒడ్డు నరసాపురం, అక్కడి నుంచి పాలకొల్లు.

మూడో చోటికి బ్రోచరే లేదు, ఒక జిరాక్సు కాగితం ఇచ్చారు. మధ్యలో వాకిలి, చుట్టూ రెండంతస్తుల్లో ఇరవై రెండు ఫ్లాట్లు, మేడ మీద నుంచి చూస్తే క్షీరారామం గోపురం. మేము వెళ్లేసరికి కార్యదర్శిగారు, రిటైరైన పోస్టుమాస్టరు, టమాటాలు తూయిస్తున్నారు. ఎనభై ఒకటేళ్ల ఆవిడ ఒకరు పాలక్యానులో లాక్టోమీటరు ముంచి, కళ్లజోడు పైకి జరిపి గీత చూసి, "నిన్నటికంటే నయం" అన్నారు పాలబ్బాయితో. అతను తలదించుకున్నాడు. మొదటి చోట గోడనిండా "చురుకైన జీవితం" అని రాసి ఉంది, ఇక్కడ ఆ మాట ఎవరూ అనలేదు.

భోజనాల దగ్గర అందరూ సాంబారును తిట్టారు. నాకు అది నచ్చింది. తిట్టగలుగుతున్నారంటే వినేవాళ్లున్నారని. వంటమనిషిని మార్చాలా వద్దా అని నెల చివర సమావేశంలో చేతులెత్తుతారట. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పిన్నుతో గుచ్చి ఉన్నాయి, నేను కూడి చూశాను, సరిపోయాయి. ఫ్లాటు ఎవరిది వారి పేరున రిజిస్టరవుతుంది, సేవల ఒప్పందం వేరే కాగితం. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారు అలాగే ఉండొచ్చన్న మాట అందులో స్పష్టంగా రాసి ఉంది. బొత్తాములు లేవు. ప్రతి ఇంటి రెండో తాళంచెవి పక్కింట్లో ఉంటుంది.

లోపాలు అడగకుండానే చెప్పారు. వెనక మెట్ల దగ్గర ర్యాంపు లేదు. దోమలు. తెల్లవారకముందే గుడి మైకు. వేసవిలో నీళ్లు ఆపేసి కాలువలు కట్టేశాక బోరు నీరే గతి, అది ఉప్పు, సబ్బు నురగ రాదు, తాగడానికి టిన్నులు కొనాలి. తుపాను వస్తే జనరేటరు ఆరు గంటలు నడుస్తుంది, ఆ తర్వాత లిఫ్టు ఉండదు. మావారు ఇక్కడా టేపు తీశారు. స్నానాలగది తలుపు ముప్ఫై రెండు అంగుళాలు, కడ్డీ కదల్లేదు.

అద్దెకున్న ఒక ఫ్లాటు ఖాళీ అవుతోందంటే మే నెలకు తీసుకున్నాం, కాలువలు కట్టేసిన రోజుల్లోనే ఉండి చూద్దామని. పాలకొల్లు స్టేషన్‌లో ఉండగా మళ్లీ మా అబ్బాయి ఫోను.

"అమ్మా, ఆ రాజమండ్రి వాళ్లు ఇంకో 5 శాతం తగ్గిస్తారట. ఏమి చెప్పమంటావు?"

"కడ్డీ బిగించారేమో అడుగు నాన్నా" అన్నాను.