సెకండ్స్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? ‘విండోస్ 11 వేసిచ్చాం’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు సెకండ్స్ ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్ళ కోసం ఈ హెచ్చరిక. మూత తీయగానే తెర మీద నీలం పువ్వు బొమ్మ, కింద పట్టీ మధ్యలో వరసగా ఐకాన్లు, మూలలు గుండ్రంగా తిరిగిన విండోలు కనిపిస్తాయి. ‘లేటెస్ట్ విండోస్ 11 సార్, చూసుకోండి’ అంటారు. ఆ పువ్వు బొమ్మ మిషన్ వయసు చెప్పదు. పదేళ్ళనాటి మిషన్ మీద కూడా అది అంతే అందంగా విచ్చుకుంటుంది.

ఇలాంటి సరుకు ఇప్పుడే ఎందుకింత దొరుకుతోందంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆపేసింది. విండోస్ 11కి పనికిరాని ల్యాప్‌టాప్‌లను పెద్ద కంపెనీలు లాట్లు లాట్లుగా వదిలించుకుంటున్నాయి. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్‌లో సరుకు చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఒంగోలు వాళ్ళు విజయవాడో హైదరాబాదో పోతారు. సరుకు ఎక్కడిదైనా చూసే పద్ధతి ఒకటే.

ముందు ప్రాసెసర్ నంబరు చదవడం తెలియాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ఐ5-6300యూ అనో, ఐ5-8350యూ అనో ఉంటుంది. గీత తర్వాతి మొదటి అంకె జనరేషన్: 6300 అంటే ఆరో తరం, 8350 అంటే ఎనిమిదో తరం. 10210, 1135 లాంటివాటికి మొదటి రెండంకెలూ కలిపి చదవాలి, అంటే పది, పదకొండు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో దాదాపు రైజెన్ 3000 వరస నుంచి విండోస్ 11కి అధికారికంగా పనికొస్తాయి. ఏడో తరంలో ఒకటీ అరా తప్ప మిగతావి మైక్రోసాఫ్ట్ అర్హత జాబితాలో లేవు. ‘ఐ5 సార్, ఐ7 సార్’ అన్న మాటకి విలువ లేదు. విండోస్ 11 కోసమైతే నాలుగో తరం ఐ7 కంటే ఎనిమిదో తరం ఐ3 మేలు.

మోడల్ పేరు చూసి కూడా నమ్మొద్దు. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళకి తేడా తెలియదు. మొదటిది ఆరు, ఏడు తరాలది. రెండోది చాలావరకు ఎనిమిదో తరం, కానీ ఏడో తరం వేసినవీ ఉన్నాయి. లాటిట్యూడ్ 7480, 7490 జంటదీ ఇదే కథ. కాబట్టి అబౌట్ పేజీ తెరిచి మీ కళ్ళతో చూడండి.

పాత తరం మిషన్ మీద విండోస్ 11 ఎలా ఎక్కిందంటే, ఇన్‌స్టాలర్ చేసే తనిఖీని తప్పించే పద్ధతులున్నాయి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఒక టిక్కు పెడితే చాలు. అలా వేయడం నేరమేమీ కాదు, మొదటి రోజు బాగానే నడుస్తుంది. తంటా తర్వాత మొదలవుతుంది. విండోస్ 11కి ఏడాదికో కొత్త వెర్షన్ వస్తుంది. హోమ్, ప్రో రకాలకి ఒక్కో వెర్షన్‌కి 24 నెలలే సపోర్ట్. జాబితాలో లేని మిషన్‌కి తర్వాతి వెర్షన్ దానంతట అది రాదు, మళ్ళీ ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. 23హెచ్2 (అంటే 2023 రెండో సగంలో వచ్చిన) వెర్షన్‌కి 2025 నవంబర్ 11తోనే గడువు తీరింది. అది వేసి ‘విండోస్ 11’ అని అమ్మితే, గడువు తీరిన విండోస్ 10 ఇచ్చినట్టే లెక్క. 24హెచ్2కి 2026 అక్టోబర్ 13 వరకు, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12 వరకు గడువుంది. మరీ పాత కోర్ 2 డ్యూయో మిషన్ల మీద 24హెచ్2 అసలు బూటే కాదు, దానికి కావాల్సిన ఆదేశాలు ఆ ప్రాసెసర్‌లో లేవు.

షాపులో నిలబడి రెండు నిమిషాల్లో చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వీ, ఈ, ఆర్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే వెర్షన్ కనపడుతుంది. విండోస్ 10 మీద 11 థీమ్ తొడిగిస్తే ఇక్కడే బయటపడుతుంది. అదే పెట్టెలో టీ, పీ, ఎం, చుక్క, ఎం, ఎస్, సీ కొడితే టీపీఎం (రహస్య తాళంచెవులు దాచే) చిప్ వివరం వస్తుంది, స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 ఉండాలి. ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ, 32 కొడితే వచ్చే పేజీలో బయాస్ మోడ్ (మిషన్ ఆన్ అయ్యే పద్ధతి) యూఈఎఫ్ఐ అని ఉండాలి, సెక్యూర్ బూట్ ఆన్ అని ఉంటే మేలు. లెగసీ అని ఉంటే తనిఖీ తప్పించి వేసినట్టే.

తర్వాత లైసెన్స్. విండోస్ 10 అసలు లైసెన్స్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కి అదే రకం (హోమ్‌కి హోమ్, ప్రోకి ప్రో) విండోస్ 11 వేస్తే, నెట్ తగలగానే దానంతట అది యాక్టివేట్ అవుతుంది, పైసా ఖర్చు లేదు. ‘లైసెన్స్‌కి వేరే రెండు వేలు’ అంటే దేనికని అడగండి. వేసినందుకు కూలీ అడగడం వేరు, లైసెన్స్ పేరు చెప్పడం వేరు. అడుగున విండోస్ 7 స్టిక్కరుండి, 2023కి ముందు విండోస్ 10కి మారని మిషన్లకి ఈ సౌకర్యం లేదు, పాత 7, 8 కీలతో యాక్టివేట్ అయ్యే దారిని మైక్రోసాఫ్ట్ 2023లో మూసేసింది. అలాంటిదాంట్లో ‘యాక్టివేటెడ్’ అని కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆర్ పెట్టెలోనే ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, ఎక్స్, పీ, ఆర్ కొట్టండి. ఫలానా తేదీన ముగుస్తుందని వస్తే అది కేఎంఎస్ పద్ధతి. ఆఫీసుల్లో వందల మిషన్లకి వాడే లైసెన్స్ అది, 180 రోజులకోసారి సర్వర్‌తో మాట్లాడాలి. మీ ఇంట్లో సర్వర్ లేదు కాబట్టి లోపల క్రాక్, అంటే దొంగ లైసెన్స్ సాఫ్ట్‌వేర్, కూర్చుని ఉందన్నమాట. ‘పర్మనెంట్’ అని వచ్చినంత మాత్రాన నిశ్చింత పడొద్దు, అలా చూపించే క్రాక్‌లూ ఉన్నాయి.

క్రాక్ వేసేవాళ్ళు అది పట్టుబడకుండా విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ కళ్ళకి గంతలు కడతారు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ చూడండి. అది ఖాళీగా ఉండాలి. సీ డ్రైవ్ మొత్తాన్ని మినహాయించి పెట్టి ఉంటే, ఆ మిషన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం బస్టాండులో గట్టిగా చదివినట్టే.

ఇప్పుడు మంచి మిషన్ కొన్నవాళ్ళకి కూడా తగిలే దెబ్బ. అన్నిటికంటే నష్టం చేసేదీ ఇదే. విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరిచేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. తొందరలో షాపు కుర్రాడు తన ఈమెయిలో, షాపు ఈమెయిలో కొట్టేస్తాడు. 24హెచ్2 నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో, అలా సైన్ ఇన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ చెప్పకుండానే ఆన్ అవుతుంది. డిస్క్ మొత్తానికి తాళం పడుతుంది, ఆ తాళంచెవి, అంటే 48 అంకెల రికవరీ కీ, సైన్ ఇన్ అయినవాళ్ళ అకౌంట్‌లోకి పోతుంది. తర్వాత మీరు మీ పేరుతో యూజర్ పెట్టుకుని వాడుకుంటుంటారు, ఏ తేడా తెలియదు. ఎప్పుడో బయాస్ అప్‌డేట్ పడిందనో, మదర్‌బోర్డు మార్చారనో నీలం తెర వచ్చి ఆ 48 అంకెలు అడుగుతుంది. షాపువాడికి ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు. కీ లేకపోతే డిస్క్ తీసి వేరే మిషన్‌కి తగిలించినా, రికవరీ సెంటర్లో ఇచ్చినా డేటా రాదు. కుదిరేది ఫార్మాట్ ఒక్కటే.

కాబట్టి డబ్బు చేతికివ్వకముందే షాపులోనే రీసెట్ చేయించండి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్. గంటా గంటన్నర పట్టొచ్చు, టీ తాగి రండి. మళ్ళీ మొదటి పేజీ రాగానే మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మీ ఈమెయిల్‌తో మీరే మొదలుపెట్టండి. దీనితో ఇంకో గుట్టు కూడా తెలుస్తుంది. కంపెనీ లాట్‌లో వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆటోపైలట్ అనే పద్ధతిలో ఇంకా ఆ కంపెనీ పేరు మీదే నమోదై ఉంటాయి. నెట్ కలపగానే ఆ కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. నెట్ లేకుండా విండోస్ వేస్తే ఈ పేజీ రాదు కాబట్టి షాపులో అంతా సవ్యంగా కనపడుతుంది. ఆ నమోదు తీసే హక్కు ఆ కంపెనీదే. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. రీసెట్‌కి ఒప్పుకోని షాపులో కొనాల్సిన పనే లేదు.

ఇంటికొచ్చాక సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లో డివైసెస్ కింద ఉన్న రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఆ కాగితం ఫొటో అదే ల్యాప్‌టాప్‌లో దాచుకునేవాళ్ళూ ఉంటారు. దానివల్ల ఉపయోగం సున్నా.

ఈ అకౌంట్‌తోనే వన్‌డ్రైవ్ కూడా వస్తుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను తన కిందికి లాక్కుంటుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నిండగానే డబ్బు కట్టమని గంట కొడుతుంది. బ్యాకప్ ఆపేస్తే డెస్క్‌టాప్ బోసిపోయి గుండె ఝల్లుమంటుంది కానీ, ఫైళ్ళు పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలి డెస్క్‌టాప్‌లో ఉంటాయి. అక్కడినుంచి తెచ్చుకోవాలి.

వ్యాపారానికి కొనేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు. రైసు మిల్లుల్లో, పొగాకు, రొయ్యల మేత కొట్లలో ఏళ్ళ తరబడి నడుస్తున్న నల్లతెర డాస్ లెక్కల ప్రోగ్రాములు దీంట్లో నేరుగా తెరుచుకోవు. డాస్‌బాక్స్ లాంటిది పెట్టి నడపాలి, ప్రింట్ దగ్గర మళ్ళీ కుస్తీ పట్టాలి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి డ్రైవర్ దొరక్కపోతే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనేది వేస్తే ఉత్త అక్షరాలైనా పడతాయి. పాత డాంగిల్, వేలిముద్ర పరికరం డ్రైవర్లను విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆపేస్తుంది. దాన్ని ఆఫ్ చేసి ‘పని అయిపోయింది’ అంటారు. అది రక్షణ తీసేయడం. ముందు ఆ పరికరం కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ ఉందేమో అడగండి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లైతే మామూలు ప్రోగ్రాముల్ని అనువదించి నడుపుతాయి కానీ డ్రైవర్లని నడపలేవు. ఆర్మ్ (స్నాప్‌డ్రాగన్ రకం ప్రాసెసర్) డ్రైవర్ లేని పరికరాలతో ఆధార్, మీసేవ తరహా పనులు చేసేవాళ్ళకి అవి పనికిరావు.

దస్తావేజులు రాసేవాళ్ళకి: పాత డాక్యుమెంట్ గౌతమి ఫాంటులో ఉంటే కొత్త సిస్టమ్‌లో నిర్మలలో తెరుచుకుని లైన్లు జరిగిపోతాయి, పేజీల లెక్క మారుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే గౌతమి వస్తుంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ వాళ్ళు సెటప్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, షాపులోనే వేయించి, ఒక పేజీ టైపు చేసి చూశాకే బేరం మాట్లాడండి.

కొత్త ముస్తాబుకి అలవాటు పడటం పెద్ద విషయం కాదు, దానికి ఎవరికీ డబ్బివ్వొద్దు. స్టార్ట్ బటన్ ఎడమకి రావాలంటే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్, టాస్క్‌బార్ సెట్టింగ్స్, టాస్క్‌బార్ బిహేవియర్స్, అలైన్‌మెంట్ లెఫ్ట్. ఒక్కో ఫైలుకి పేరుతో విడి బటన్ కావాలంటే అక్కడే కింద కంబైన్ అన్నచోట నెవర్. 23హెచ్2 నుంచి ఇది ఉంది. రైట్ క్లిక్‌లో పాత జాబితా కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి. కట్, కాపీ, పేస్ట్ మాయమైపోలేదు, జాబితా అంచున బొమ్మలుగా మారాయి. వైఫై, సౌండ్‌కి విండోస్ కీ, ఏ. నోటిఫికేషన్లకి విండోస్ కీ, ఎన్. ఊరికే రిఫ్రెష్ కొట్టే అలవాటు మానలేనివాళ్ళకి ఎఫ్5 ఎప్పటిలాగే ఉంది. మొత్తాన్ని పాత విండోస్‌లా మార్చేస్తామని ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ లాంటివి వేసిస్తే ఒప్పుకోవద్దు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు టాస్క్‌బారే కనపడకుండా పోవచ్చు.

సరికొత్తదే అయినా చవక రకం దగ్గర జాగ్రత్త. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ కంటే నెమ్మదైన చవక స్టోరేజీ) ఉన్నవి విండోస్ 11కి కాగితం మీద సరిపోతాయి. సిస్టమ్ తన చోటు తీసుకున్నాక అప్‌డేట్ దిగడానికే ఖాళీ మిగలదు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీకి తగ్గొద్దు. ఎస్ మోడ్‌లో (స్టోర్ యాప్‌లు మాత్రమే నడిచేలా) వచ్చినదాన్ని మామూలుగా మార్చడం స్టోర్‌లో ఒక్క క్లిక్, ఉచితం. దానికి సర్వీస్ చార్జీ ఇవ్వాల్సిన పని లేదు.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, ప్రాసెసర్ పూర్తి నంబరు, ‘విండోస్ 11కి అధికారికంగా అర్హత ఉన్నది’ అన్న మాట రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. తెల్లకాగితం మీద మొత్తం మాత్రమే రాసిస్తే అక్కడ చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంట్లో ఏడో తరందో అంతకంటే పాతదో మిషన్ ఉండి, విండోస్ 10తో బాగానే నడుస్తుంటే కంగారుపడి అమ్మేయొద్దు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ అనే లింకు చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. మిషన్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, లేకపోతే ఆ లింకు కనపడదు.