‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ 4కె డిస్క్ అంటే నమ్మి కొనేయకండి, నేను బుక్కయ్యాను

పాత హారర్ సినిమాల డిస్కులు కొనే పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. శవాలు లేచొచ్చి మనుషుల్ని తినే 1968 నాటి అమెరికా సినిమా ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ బ్లూరే (డీవీడీ కన్నా స్పష్టంగా ఉండే డిస్క్) కోసం వెతుకుతుంటే ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి చదవండి. 1,850 రూపాయలు పోసి నెల రోజులు చిరాకు పడ్డాను.

ఒక ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో కనిపించింది. ‘4కె రీస్టోర్డ్, కలెక్టర్స్ ఎడిషన్, ఇంపోర్టెడ్’ అని పెద్ద అక్షరాలు. అంటే పాత ఫిల్మును శుభ్రం చేసి, బాగా ఎక్కువ స్పష్టతతో తయారుచేసిన కాపీ అన్నమాట. రేటింగ్ నాలుగు పైనే. రివ్యూలు తెరిస్తే అన్నీ ‘ప్యాకింగ్ సూపర్, డెలివరీ ఫాస్ట్’ బాపతే. బొమ్మ ఎలా ఉందో ఒక్కరూ రాయలేదు. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు.

శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక డిస్క్ పెట్టాను. మొదటి సీన్ మీకు గుర్తుండే ఉంటుంది. శ్మశానం రోడ్డు, దూరం నుంచి వచ్చే కారు, అన్నాచెల్లెళ్లు. మనుషుల తలలు నుదుటి దగ్గరికే తెగిపోయి ఉన్నాయి. ఈ సినిమా ఇంచుమించు చదరంగా ఉండే పాత ఫ్రేములో, అంటే 1.37 నిష్పత్తిలో తీశారు. వీళ్లు మన టీవీకి నిండుగా కనపడాలని పైనా కిందా కోసేశారు. లెక్క వేసి చూడండి, బొమ్మలో దాదాపు నాలుగో వంతు పోతుంది. హీరో డ్వేన్ జోన్స్ కిటికీలకు చెక్కలు కొట్టే సీన్లో సుత్తి కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నలుపు నలుపులా లేదు, తడిసిన బూడిదలా ఉంది. వెనకాల ఆగకుండా ఒక గుయ్‌మనే మోత. శుక్రగ్రహం నుంచి తిరిగొస్తున్న ఉపగ్రహం, దాని రేడియేషన్ గురించి టీవీ వార్తల్లో చెప్పే చోటే ఈ సినిమాకి సైన్స్ ఫిక్షన్ ముడి ఉంది. ఆ మాటలు సరిగ్గా ఆ మోతలోనే కలిసిపోయాయి.

మర్నాడు పొద్దున్నే అమ్మినవాడికి చాట్‌లో రాశాను. ‘సార్, ఇది అమెరికా డిస్క్ సార్, మీ ప్లేయర్ రీజియన్ ప్రాబ్లెమ్’ అన్నాడు. నేను కాసేపు నమ్మాను కూడా, ఎందుకంటే రీజియన్ గొడవ నిజంగానే ఉంది. ఒక ప్రాంతానికి లాక్ చేసిన డిస్క్ ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడదు. బ్లూరేల్లో అమెరికాది రీజియన్ ఏ, మనది సి. తర్వాత వెలిగింది. నా ప్లేయర్ మా బావమరిది డల్లాస్ నుంచి తెచ్చింది! పైగా రీజియన్ కలవకపోతే డిస్క్ అసలు ఆడదు, తెర మీద ఒక మెసేజ్ వచ్చి ఆగిపోతుంది. మసకగా ఆడటం, తలలు కోసుకుని ఆడటం ఉండదు. ఆ మాటే రాశాను. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమన్నాడు. చేశాను. ఫొటోలు పంపమన్నాడు. పంపాను. వీడియో కావాలన్నాడు. ఇలా రేపు, మాపు అంటూ తిప్పి ఎనిమిదో రోజున ‘రిటర్న్ గడువు ఏడు రోజులే సార్’ అని తేల్చేశాడు. నా కోపం డిస్క్ మీద కన్నా ఈ నాటకం మీదే ఎక్కువ.

తొమ్మిదో రోజున డిస్క్ తిప్పి చూశాను. అడుగున ముదురు ఊదా రంగు. ఒకప్పుడు నెట్ సెంటర్లో పాటలు ఎక్కించుకున్న డీవీడీలు గుర్తున్నాయా, అచ్చం అదే. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్క్ అడుగు వెండిలా మెరుస్తుంది. అంటే నీలం బ్లూరే పెట్టెలో ఇంట్లో కాపీ చేసిన డీవీడీ పెట్టి పంపాడు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఇందులో 4కె అంత. మొదటి రోజే తిప్పి చూడకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఇంకా మంట పుట్టించిన సంగతి ఒకటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఈ సినిమా ఉచితంగా దొరుకుతుంది. ఒక కాపీ దించి పక్కపక్కన ఆడించాను. శ్మశానం సీన్లో చెల్లెలి ముఖం మీద నిలువునా ఒక తెల్ల గీత పోతుంది. రెండింట్లోనూ అదే గీత, అదే చోట. ‘ఊరికే దొరికేదానికి పద్దెనిమిది వందలు పోశారా’ అని మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది.

ఈ సినిమాకే ఈ గతి ఎందుకు పట్టిందంటే దాని వెనక కథ ఉంది. జార్జ్ రొమేరో, ఆయన స్నేహితులు పిట్స్‌బర్గ్ దగ్గర సుమారు 1,14,000 డాలర్లతో తీశారు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. ముందు దీని పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. పంపిణీదారు పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీది కాపీరైట్ గుర్తు ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కు లేనట్టే. అంతే, సినిమా అందరి సొత్తయిపోయింది. ప్రపంచమంతా చూసిన సినిమాకి తీసినవాళ్ల చేతికి వచ్చింది తక్కువ. ఎవరైనా డిస్క్ వేసి అమ్ముకోవచ్చు, కాబట్టి పెట్టె మీద ఏం రాసినా అడిగే నాథుడు లేడు.

రంగులు వేసిన వెర్షన్లు కూడా తిరుగుతున్నాయి, జోలికి పోకండి. 1999లో, రొమేరోతో కలిసి ఈ కథ రాసిన జాన్ రూసో కొత్త సీన్లు తీసి కలిపిన ‘30వ వార్షికోత్సవ’ వెర్షన్ ఇంకో ఉచ్చు. రొమేరోకి దాంతో సంబంధం లేదు.

అసలైనది కావాలంటే న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి ఒరిజినల్ కెమెరా నెగెటివ్ నుంచి చేసిన రీస్టోరేషన్ చూడండి. దాన్ని 2018లో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ బ్లూరేగా తెచ్చింది. అమ్మేవాడు ఈ పేర్లు చెప్పలేకపోతే ఆ పేజీ మూసేయండి. నిడివి 96 నిమిషాలు, బొమ్మకి అటూ ఇటూ నల్ల పట్టీలు రావాలి. టీవీ నిండా వచ్చిందంటే కోసేసినట్టే. అయితే అమెరికా బ్లూరే రీజియన్ ఏ లాక్‌తో వస్తుంది, ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడకపోవచ్చు, అది చూసుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, డిస్క్ అడుగు కూడా అందులో కనపడాలి.

చివరికి ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. రెండు రోజులు చూశాను, ఉలుకూ పలుకూ లేదు. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఊదా రంగు అడుగు ఫొటో, చాట్ స్క్రీన్‌షాట్లు ఇచ్చాను. ఆ ఫోన్ తర్వాత పదకొండో రోజున డబ్బులు వెనక్కి వచ్చాయి, డెలివరీ చార్జీ 90 రూపాయలు మాత్రం పట్టుకున్నారు.

నిన్న రాత్రి మళ్లీ చూశాను. ఆ పేజీ అలాగే ఉంది. పెట్టె ఫొటో మార్చారు, రేటు 1,599 చేశారు.