ముక్కు కడిగే సీసా: జలుబుతోనే పని చేయాల్సి వచ్చిన వారాల్లో నా అనుభవం

ముక్కును ఉప్పునీటితో కడుక్కునే ప్లాస్టిక్ సీసా ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను. నొక్కితే నీళ్లు వచ్చే మెత్తటి సీసా, 240 మిల్లీలీటర్లు పడుతుంది. మూత చివర ముక్కు రంధ్రానికి ఆనేలా గుండ్రంగా ఉంటుంది. జలుబు చేసిన ప్రతిసారీ, ముఖ్యంగా సెలవు పెట్టే వీలు లేని వారాల్లో, నేను ముందు తీసేది దీన్నే. ఇది జలుబును తగ్గించే మందు కాదని మొదటే చెప్పాలి. కాసేపు ముక్కు తెరుచుకునేలా చేస్తుంది, రాత్రి నిద్ర పట్టనిస్తుంది. ఊపిరాడని పని ఉన్న వారంలో ఆ నిద్రే నన్ను నిలబెడుతుంది.

నా ఉద్యోగమంతా కాల్స్‌లో మాట్లాడటమే. జలుబు చేస్తే తుమ్ములు, ముక్కు కారడం ఎలాగో భరించొచ్చు. రెండో రోజో మూడో రోజో ముక్కు పూర్తిగా దిబ్బడ వేసినప్పుడే అసలు కష్టం. రాత్రంతా నోటితో ఊపిరి తీసుకుంటే తెల్లారేసరికి గొంతు పిడచకట్టుకుపోతుంది. నిద్ర చాలక తల బరువెక్కుతుంది. పొద్దున పది గంటలకు ఉండే మీటింగ్‌లో అవతలివాళ్లు అడిగింది రెండోసారి అడిగించుకోవాల్సి వస్తుంది. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి, వాటిని చంపే మందు లేదు. తగ్గడానికి మామూలుగా ఏడు నుంచి పది రోజులు పడుతుంది. కాబట్టి ఈలోపు ఏ బాధ నన్ను ఎక్కువగా పడగొడుతోందో చూసి దాని సంగతి చూసుకోవడమే నేను చేయగలిగింది. నా విషయంలో ఆ బాధ ముక్కు దిబ్బడే.

ఈ సీసా పరిమితి కూడా అక్కడే ఉంది. ముక్కు మూసుకుపోయేది చీమిడి వల్ల మాత్రమే కాదు. లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకైపోతుంది. ఉప్పునీళ్లు చిక్కటి చీమిడిని కడిగేస్తాయి గానీ, ఆ వాపును పెద్దగా తగ్గించలేవు. అందుకే కడిగిన వెంటనే హాయిగా అనిపించినా కొన్ని గంటలకు మళ్లీ మూసుకుపోతుంది. ఈ సంగతి తెలిశాక రోజంతా కడుగుతూ కూర్చోకుండా రెండు వేళలు పెట్టుకున్నాను: పొద్దున మొదటి కాల్‌కు ముందు, రాత్రి పడుకోవడానికి ఓ గంట ముందు. రెండింటిలో ఒకటే కుదురుతుందంటే రాత్రిదే ఉంచుకుంటాను. తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే ఆ ఉపశమనం ఇంకాస్త సేపు నిలుస్తుంది.

ఇలా కడిగితే జలుబు త్వరగా తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. ఎడిన్‌బరోలో 60 మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగం 2019లో ప్రచురితమైంది. గాఢమైన ఉప్పునీటితో ముక్కు కడిగి, పుక్కిలించినవాళ్లకు జలుబు సగటున దాదాపు రెండు రోజుల ముందే తగ్గిందని అందులో తేలింది. అది చిన్న ప్రయోగం, పైగా నేను వాడే నీళ్లు అంత గాఢంగా ఉండవు. అందుకే ఆ రెండు రోజులను నమ్ముకుని నా క్యాలెండర్ వేసుకోను.

ఇక నీళ్ల సంగతి. మిగతాదంతా పైపైన చదివినా ఈ పేరా మాత్రం దయచేసి నిదానంగా చదవండి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులో పోయకూడదు. తాగితే ఏమీ చేయని నీళ్లు కూడా ముక్కులోకి ఎక్కితే ప్రమాదం కావచ్చు. కడుపులో ఆమ్లం చంపేసే సూక్ష్మజీవులకు ముక్కులో అలాంటి అడ్డు ఉండదు. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇలా కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా మెదడుకు చేరి చనిపోయారు. ఇలా జరగడం చాలా అరుదు, కానీ జరిగితే బతికి బయటపడేవాళ్లు బహు తక్కువ. డిస్టిల్డ్ వాటర్ (ఆవిరి చేసి చల్లార్చి శుద్ధి చేసిన నీళ్లు) వాడాలి, లేదా నీళ్లు కళపెళ మరిగించి చల్లార్చి వాడాలి. కనీసం ఒక నిమిషం మరగాలంటారు, నేను అయిదు నిమిషాలు మరగనిస్తాను. పొద్దున మరిగించి శుభ్రమైన మూత గిన్నెలో పెట్టుకుంటే రాత్రికీ పనికొస్తాయి. 24 గంటలు దాటితే పారబోస్తాను. మామూలు ఫిల్టర్ నీళ్లు సరిపోవు.

ఉప్పు విషయంలో సీసాతో వచ్చే ప్యాకెట్లే పని తొందరలో సులువు. అవి అయిపోతే అయోడిన్ కలపని ఉప్పు సుమారు 2 గ్రాములు, చిటికెడు వంటసోడా ఒక సీసాకు సరిపోతాయి. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకూడదు. కొలత తప్పితే ముక్కే చెబుతుంది: ఉప్పు తక్కువైనా మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. సరిగ్గా కుదిరిన గోరువెచ్చటి నీళ్లు వెళ్లినట్టే తెలియదు.

సింక్ మీదకు వంగి, తల కాస్త పక్కకు వాల్చి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ మెల్లగా నొక్కాలి. ఒక రంధ్రంలో పోసిన నీళ్లు రెండో దాంట్లోంచి వస్తాయి. నీళ్లు ఎటూ పోకుండా అడ్డం తిరిగితే గట్టిగా నొక్కకండి, ఒత్తిడి చెవులకు తగులుతుంది. వేడినీళ్ల స్నానం చేశాక ప్రయత్నిస్తే నాకు చాలాసార్లు దారి ఇచ్చింది. అయ్యాక ముక్కు రెండు వైపులా మూసి చీదకూడదు, ఒక్కో వైపు నెమ్మదిగా చీదాలి. చెవి నొప్పి ఉన్నవాళ్లు, ముక్కుకో చెవికో ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

నచ్చనివి లేకపోలేదు. లోపల ఎక్కడో మిగిలిన నీళ్లు అరగంట తర్వాత, కింద పడ్డ పెన్ను తీయడానికి వంగినప్పుడు టపటపా కారతాయి. కాల్ మొదలయ్యే అయిదు నిమిషాల ముందు కడగడం అందుకే కుదరదు. ఆఫీసులో వాడటం నా వల్ల కాలేదు. గొంతు నొప్పికి, దగ్గుకు, జ్వరానికి దీనితో పని లేదు.

ముక్కులో కొట్టుకునే ఆక్సీమెటజోలిన్ స్ప్రే దీనికంటే చాలా వేగంగా పని చేస్తుంది, నిజమే. ఉబ్బిన రక్తనాళాలను అది నేరుగా కుదిస్తుంది. కానీ మూడు రోజులు దాటి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది, దాంతో మళ్లీ అదే కొట్టుకోవాలనిపిస్తుంది. తప్పనిసరి ప్రెజెంటేషన్ రోజుకే దాన్ని ఉంచుకుంటాను. జలుబు ట్యాబ్లెట్ల మీద నాకు గురి తక్కువ. వాటిలో ఎక్కువగా కనిపించే ఫినైల్ఎఫ్రిన్‌ను మింగితే ముక్కు దిబ్బడకు పని చేయదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. పైగా చాలా వాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి విడిగా ఇంకో పారాసెటమాల్ వేసుకునే ముందు అట్ట మీద చదవండి, పెద్దవాళ్లకు కూడా రోజుకు మొత్తం 4 గ్రాములు దాటకూడదు.

ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం సీసా పక్కన పెట్టేస్తాను. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లంతా నొప్పులు, మంచం దిగలేనంత నీరసం వస్తే అది పని చేసుకుంటూ నెట్టుకొచ్చే జబ్బు కాదు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా ఉపయోగపడుతుంది. ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు ఆ రెండు రోజులను ఆఫీసు పనికి ఇచ్చేయకూడదు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఎవరైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సీసా మన్నిక గురించి: నొక్కే చోట ప్లాస్టిక్ బాగానే నిలుస్తుంది, మూత లోపలి సన్నటి గొట్టం మాత్రం వదులవుతుంది. అప్పుడు నీళ్లకు బదులు గాలి వస్తుంది. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, మూత విప్పి ఆరబెట్టాలి. తడిగా మూసి పెడితే లోపల నాచులా పడుతుంది. మూడు నెలలకోసారి మార్చమని తయారీదారులు చెబుతారు, నేను అలాగే మారుస్తాను. ఇంట్లో ఇద్దరికి జలుబు చేస్తే రెండు సీసాలు ఉండాల్సిందే. వేర్వేరు రంగుల మూతలతో దొరికితే అవే తీసుకోండి, నిద్రమత్తులో ఒకరిది ఒకరు వాడే గొడవ ఉండదు.