మురుగు నీటికి జమ్ము, వట్టివేరు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా పొలం గోదావరి డెల్టాలో ఒక మురుగు కోడు చివరన ఉంది. పై చేలలో దాళ్వా (రబీ) వరికి చల్లిన యూరియాలో పైరు అందుకోలేనిది నీటితో దిగి మా కుంటకే చేరుతుంది. యూరియాలో 46 శాతం నత్రజనే కాబట్టి కుంటలో నాచుకు ఏటా పండగే. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారేది, తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేవి. ఏటా మందు చల్లడం విసుగెత్తి మొక్కల పద్ధతికి మారాము.

ఏర్పాటు పెద్దదేమీ కాదు. కోడు నీరు నేరుగా కుంటలో పడకుండా ముందు ఒక పొడవాటి మడుగు తవ్వించాము. లోతు మోకాలికి మించదు. అందులో జమ్ము, గట్టు వెంబడి మెట్టతామర నాటాము. అది దాటిన నీరు కుంటలోకి వెళుతుంది. కుంటలో ప్లాస్టిక్ గొట్టాలతో కట్టిన తెప్పల మీద వట్టివేరు పెంచుతున్నాము.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చింది జమ్ము మడుగే. మొక్క తాగేసే నత్రజని కొంతే. మిగతా నత్రజని నీటిలో నైట్రేటుగా మారితే, గాలి తగలని అడుగు బురదలో ఉండే బాక్టీరియా ఆ నైట్రేటును వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. కుళ్లిన జమ్ము ఆకులే దానికి మేత. దాళ్వాలో యూరియా వేసిన వారం మడుగు ముందు తీసిన నీరు నైట్రేటు పరీక్ష కిట్టులో ఎర్రగా తిరుగుతుంది, మడుగు చివర తీసినది లేత నారింజ దగ్గర ఆగిపోతుంది. అయినా తాగడానికి మాత్రం వాడము. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. రంగు చూసి చెప్పే కిట్టును నమ్మి పసిపిల్లలున్న ఇంట్లో ఆ నీరు వాడే సాహసం నేను చేయను.

ఇదంతా నీరు నిదానంగా నడిచినప్పటి మాట. సార్వా (ఖరీఫ్)లో నాలుగు రోజులు ముసురు పట్టి కోడు పొంగితే మడుగు ఉన్నా లేనట్టే. నీరు ఒక పక్క దూరి మరో పక్క దూసుకుపోతుంది. ఇప్పుడు వరద నీటిని పక్క బోదెలోకి మళ్లించే తూము పెట్టాము.

వట్టివేరు సంగతి వేరు. పిలకలు తెచ్చి ఆకు జానెడు ఉంచి కత్తిరించి తెప్ప రంధ్రాల్లో గుచ్చితే చక్కగా నిలదొక్కుకుంటాయి. కొన్ని నెలలకు తెప్ప ఒక మూల ఎత్తి చూస్తే వేళ్లు గుబురు గడ్డంలా వేలాడుతుంటాయి. వేలితో తాకితే జిగురు. ఆ జిగురు పొరకు పట్టుకున్న సన్నటి ఒండ్రు, నత్తలు, తూనీగ పిల్లలు కనిపిస్తాయి. నీరు తేటపడటానికి ఆ జిగురే కారణం. మా కుంటలో అడుగు కనిపించకపోయినా చెయ్యి ముంచితే వేళ్లు కనిపించేంత తేట వచ్చింది. చేపలు తేలడం బాగా తగ్గింది.

తెప్పలు అమ్మినవారు చెప్పని విషయం ఒకటుంది. గడ్డి చేపలు ఆ వేళ్లను ఇష్టంగా కొరుక్కుతింటాయి. తెప్ప అడుగున వల కట్టకపోతే రెండో నెలకే మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇంకో మాట, ఈ వేళ్లను మంచినీళ్ల కుండలో వేసుకుందామని చూడకండి. పురుగుమందులు దిగిన నీళ్లలో పెరిగినవి అవి.

ఈ పద్ధతిలో అసలు చాకిరీ కోతే. నాచుకు మేతయ్యే మరో పోషకం భాస్వరం, అది నత్రజనిలా గాలిలో కలిసిపోదు. మొక్కలోనో బురదలోనో దాక్కుంటుంది. కోసి గట్టెక్కించకపోతే ఆకు రాలి, కుళ్లి, మళ్లీ నీటిలోకే వస్తుంది. ఎండి నీళ్లలో పడిపోయేదాకా జమ్మును వదిలేసే మడుగు శుద్ధి చేసే మడుగు కాదు, దోమల మడుగు. మేము రెండు నెలలకోసారి మెట్టతామర, వట్టివేరు ఆకు కోస్తాము. వేసవిలో కాలువలు కట్టేశాక జమ్ము నరికి, ఒండ్రు ఎత్తి కొబ్బరి మొదళ్లకు పోస్తాము. పశువులకు మాత్రం వేయము. దోమలకు గంబూసియా చేపలు వదిలాము, అవి తమ పని తాము చూసుకుంటున్నాయి.

చాలామంది గుర్రపుడెక్క చాలదా అని అడుగుతారు. నత్రజని పీల్చడంలో దానికి తిరుగులేదు, అబద్ధం ఎందుకు. కానీ పదిహేను రోజులు ఏమరితే నీటి మీద చాప పరిచినట్టు కప్పేస్తుంది, కింద చేపలకు ఊపిరాడదు. తప్పించుకుంటే కోడు, కాలువ, పక్క ఊరి చెరువు అన్నీ దానివే. నేను దానికి సున్నా వేస్తాను. అజొల్లా కూడా ఇక్కడ పనికిరాదు, అది గాలి నుంచి నత్రజనిని పట్టి తెచ్చే మొక్క.

ఉప్పు నీటి సమస్య ఉన్నవారు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. వట్టివేరు ఉప్పును ఓర్చుకుంటుందే గాని తీసేయదు. రొయ్యల చెరువుల పక్కన ఉన్న మా బంధువులకు ఇదే చెప్పాను.

జమ్ము మడుగుకు ఐదుకు నాలుగు, తెప్పలకు మూడు. మడుగుకు వదలడానికి కొన్ని సెంట్లు భూమి, కోతకు కూలీ దొరికే వీలు ఉంటే మొదలుపెట్టవచ్చు. పిలకలు తొలకరికి నాటండి, దాళ్వా యూరియా దిగే వేళకు వేళ్లు సిద్ధంగా ఉంటాయి.