టీన్సీ 4.0 ఆడియో లైబ్రరీ: ఫిల్టర్ల వరుసతో లోడ్ పరీక్ష

ఫిల్టర్లను ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే ప్రాసెసర్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడటానికి టీన్సీ 4.0 చక్కటి మైక్రోకంట్రోలర్ బోర్డు. లోడ్ (ప్రాసెసర్ సమయంలో ఖర్చయ్యే శాతం) కొలిచే మీటరు, దాని ఆడియో లైబ్రరీలోనే (ధ్వని పనులకు సిద్ధంగా ఉన్న కోడ్) ఉంది. కాకపోతే దాని అంకె దేన్ని కొలుస్తోందో తెలిసి వాడాలి.

కార్టెక్స్ ఎం7 కోర్ 600 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల (ధ్వని కొలతల) బ్లాక్ 2.9 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది. అంటే బ్లాక్‌కు సుమారు 17.4 లక్షల సైకిళ్లు (ప్రాసెసర్ క్లాక్ టిక్కులు). మీటరు మీద 1 శాతమంటే శాంపిల్‌కు దాదాపు 136 సైకిళ్లు.

వరుస ఇలా కట్టాలి: వైట్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉండే హోరు), దాని తర్వాత బైక్వాడ్‌లు (లైబ్రరీలోని ఒక రకం ఫిల్టర్లు), చివర ఐ2ఎస్ (డిజిటల్ ఆడియో పంపే మార్గం) అవుట్‌పుట్. ఆ అవుట్‌పుట్ వంటిది లేకపోతే బ్లాకులను నడిపించే అప్‌డేట్ ఇంటరప్టే (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) రాదు, ఏదీ కదలదు. నాయిస్ ఆంప్లిట్యూడ్ 0.1 చాలు, సున్నా మాత్రం పెట్టకూడదు. అప్పుడు బ్లాక్ బయటకు రాదు, ఖాళీ ఇన్‌పుట్ చూసిన బైక్వాడ్ వెంటనే వెనుదిరుగుతుంది, లోడ్ దాదాపు సున్నా కనిపిస్తుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆడియో మెమరీ చాలక బ్లాకులు దొరకనప్పుడూ ఇదే తంతు.

ఒక్కో బైక్వాడ్‌లో 4 స్టేజీలుంటాయి. 0 నుంచి వరుసగా నింపాలి. 3వది ఒక్కటే సెట్ చేస్తే నిశ్శబ్దమే మిగులుతుంది, పైగా లోడ్ ఒక్క స్టేజీదే వస్తుంది. నాలుగింటికీ క్యూ (కటాఫ్ దగ్గర ఫిల్టర్ ఎంత ఎగుస్తుందో చెప్పే అంకె) 0.707 ఇచ్చేస్తే, కటాఫ్ (ఫిల్టర్ కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) దగ్గర 3 డీబీ కాదు, 12 డీబీ పడిపోతుంది. 8వ ఆర్డర్ బటర్‌వర్త్ (కటాఫ్ దాకా ఎగుడుదిగుడు లేని రకం ఫిల్టర్) కావాలంటే క్యూలు 0.51, 0.60, 0.90, 2.56. ఈ క్రమాన్నే పాటించండి. ప్రతి స్టేజీ ఫలితం 16 బిట్లకు కుదించుకుంటుంది కాబట్టి, 8 డీబీ దాకా ఎగిసే 2.56 ముందుంటే సిగ్నల్ అక్కడే క్లిప్ కావచ్చు (పరిమితి దాటి తెగిపోవచ్చు).

మొత్తం శాతంలో నాయిస్, ఐ2ఎస్ ఖర్చులూ కలిసి ఉంటాయి. అందుకే 10 బైక్వాడ్‌లతో ఒకసారి, 20తో మరోసారి కొలిచి, తేడాను 10తో భాగించండి. స్టార్టప్‌లో మీటరు గుర్తుంచుకునే గరిష్ఠ విలువ ఎగిరి కూర్చుంటుంది. ఒక సెకను ఆగి దాన్ని రీసెట్ చేశాకే చదవాలి. మధ్యలో దూరే ఇతర ఇంటరప్టుల సమయమూ లెక్కలోకి వస్తుంది కనుక సీరియల్ ప్రింట్ సెకనుకు ఒకటి మించొద్దు. పోల్చే రెండు కొలతలకూ క్లాక్, కంపైలర్ ఆప్టిమైజ్ సెట్టింగులు ఒకటే ఉండాలి.

లోపమల్లా కింది ఫ్రీక్వెన్సీల దగ్గరే. సుమారు 400 హెర్ట్జ్ కింద బైక్వాడ్ ప్రెసిషన్ (లెక్కల కచ్చితత్వం) చాలదు. అక్కడ లైబ్రరీలోని మరో రకం, స్టేట్ వేరియబుల్ ఫిల్టర్ మేలు. దాని కంట్రోల్ ఇన్‌పుట్‌కు సిగ్నల్ ఇస్తే మాత్రం ప్రతి శాంపిల్‌కూ ఫ్రీక్వెన్సీని మళ్లీ లెక్కకడుతుంది, కాబట్టి ఆ లోడ్ విడిగా కొలవాలి.